తలుపు మీద రాసిన ‘రేపు రా’

శ్రీ సిటీలో రోజు ఎప్పుడు మొదలవుతుంది? మా సంఘంలో ఈ ప్రశ్న అడిగితే మూడు జవాబులు వస్తాయి. ఉదయం షిఫ్టు వారికి ఇంకా చీకటి ఉండగానే, కంపెనీ బస్సు వచ్చే వేళకు మొదలవుతుంది. రెండో షిఫ్టు వారికి మధ్యాహ్నం క్యారియర్ సర్దుకున్నప్పుడు మొదలవుతుంది. రాత్రి షిఫ్టు వారికి ఊరంతా పడుకున్నాకే పొద్దు పొడుస్తుంది. భార్యాభర్తలు వేర్వేరు షిఫ్టుల్లో ఉంటే ఒకరికి తెల్లవారినప్పుడు మరొకరికి పొద్దు గూకుతుంది. ఆదివారం ఆరాధనలో కునుకు తీసే తమ్ముణ్ణి చూసి మేము నొచ్చుకోవడం మానేశాము. మనకు అది ఉదయం, అతనికి అర్ధరాత్రి.

ఈ వారం కాలాన్ని గురించి రాయాలనిపించడానికి కారణం ఒక భూస్థాపన. సత్యవేడు వైపు ఒక గ్రామంలో తండ్రీ కొడుకులకు చిన్నపాటి చేను విషయంలో మాట పట్టింపు వచ్చింది. రెండేళ్లు మాటల్లేవు. ఇద్దరూ మన విశ్వాసులే. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తామని మేమే మాటిచ్చాము. క్రిస్మస్ పనులు అయ్యాక అనుకున్నాము. తర్వాత కొత్త సంవత్సరం ప్రార్థనలు అన్నాము, ఆ తర్వాత ఈస్టర్ అన్నాము. కొడుకు కూడా షిఫ్టు మారాక చూద్దాం అయ్యగారూ అంటూ వచ్చాడు. ఒక రాత్రి తండ్రి నిద్రలోనే వెళ్లిపోయాడు. కొడుకు ఫ్యాక్టరీ నుంచి నేరుగా, మెడలో ఐడీ కార్డు తీయకుండానే వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. ఆ రోజు వాక్యం చెప్పడానికి నిలబడితే మా గొంతు పెగల్లేదు. ఆ ఇంటికి మేము బాకీ పడ్డాము. ఆ బాకీ తీర్చడానికి ఇక ఏ తేదీ లేదు.

రేపు అంటే ఏమిటి? అది నిజంగా ఎక్కడైనా ఉందా, లేక మనసు కట్టుకున్నదా? ఈ ప్రశ్నను అరవై ఏళ్లు వెంటాడిన మనిషి ఒకరు మన పాత చిత్తూరు జిల్లావాడే. ఆ జిల్లాకు తూర్పు కొసన సత్యవేడు, శ్రీ సిటీ ఉంటే పడమటి కొసన మదనపల్లె ఉంది. అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి క్రైస్తవుడు కాదు. ఏ మతానికీ చెందనని చెప్పుకున్నవాడు. అయినా ఆయన జీవితం మన ముందు పెట్టే ప్రశ్న మనం తప్పించుకోదగినది కాదు.

ఆయన పుట్టిన తేదీ దగ్గరే కాలం తగాదా మొదలవుతుంది. 1895 మే నెలలో, రాత్రి పన్నెండు దాటి అరగంట గడిచాక ఆయన పుట్టాడు. ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రితో తేదీ మారుతుంది కాబట్టి అది మే 12. పంచాంగం లెక్కలో తెల్లవారితేనే కొత్త రోజు, కాబట్టి అది మే 11. బిడ్డ ఒక్కడే, ఏడుపు ఒక్కటే, తేదీలు రెండు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంటే ఊరు కదలకుండానే జిల్లా మారింది, క్షణం కదలకుండానే తేదీ మారింది. గీతలు గీసింది మనుషులే.

కాలం మీద మనుషులు గీసిన గీతలు ఎన్నో. మన పెద్దలు రోజును 60 గడియలుగా పంచారు. గడియ అంటే 24 నిమిషాలు. గడియారం అనే మాటలో ఆ లెక్క ఇంకా దాగి ఉంది. తర్వాత గంటలు వచ్చాయి. మద్రాసులో 1792లో కట్టిన నక్షత్రశాల గడియారాన్ని బట్టి మద్రాసు కాలం వచ్చింది. దేశంలోని రైళ్లు ఎన్నో ఏళ్లు ఆ కాలం ప్రకారమే నడిచాయి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమల్లోకి వచ్చింది. పాతదానికీ కొత్తదానికీ తేడా దాదాపు 9 నిమిషాలు. సూర్యుడు ఎప్పటిలాగే ఉదయించాడు. ముల్లు మాత్రం ముందుకు జరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పదేళ్ల కృష్ణ జీవితంలో మరో కాలం ఆగిపోయింది. 1905 డిసెంబరులో, కడపలో, తల్లి సంజీవమ్మ కన్నుమూసింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బదిలీల మీద బదిలీలు. కృష్ణ ఎనిమిదో సంతానం. మలేరియాతో తరచూ మంచం పట్టేవాడు. బడిలో మందమతి అని పేరుపడ్డాడు. తల్లి పోయిన పిల్లవాడికి కొత్త గడియారం తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగినా ఒకటే, వెనక్కి జరిగినా ఒకటే. దుఃఖం ఏ ప్రామాణిక కాలాన్నీ పాటించదు. తల్లి లేని పిల్లల్ని పెంచిన మన ఇళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

పదవీ విరమణ చేసిన నారాయణయ్య 1909లో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆవరణకు చేరాడు. ఆ ఏడాదే అక్కడి సముద్రతీరంలో లెడ్‌బీటర్ అనే నాయకుడు ఈ బక్కపల్చని కుర్రవాణ్ణి చూసి, లోకానికి రాబోయే జగద్గురువుకు ఇతడే వాహనమని ప్రకటించాడు. ఈ లెడ్‌బీటర్ ఒకప్పుడు ఇంగ్లండు సంఘంలో గురువుగా అభిషేకం పొందినవాడే. అనీబిసెంట్ కూడా ఒకప్పుడు అలాంటి గురువు భార్యే. సంఘం గుమ్మం దాటి వెళ్లిన ఇద్దరు మనిషి చేతులతో ఒక మెస్సీయాను తయారు చేయబూనారు. జగద్గురువు గతంలో యేసు శరీరాన్ని కూడా వాడుకున్నాడని వారు బోధించేవారు. ఆ బోధను మన విశ్వాసం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోదు. అయితే ఈ కథలో మనం గమనించవలసింది ఆ కుర్రవాడి స్థితి.

1911లో ఆయన పేరు మీద ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థ పుట్టింది. దేశదేశాల్లో వేలమంది చేరారు. వారందరి పని ఎదురుచూడటం. గురువు రాబోతున్నాడు, మేము సిద్ధపడుతున్నాము, ఒకనాటికి మారతాము. పదహారేళ్ల పిల్లవాడి భుజాల మీద అంతమంది రేపు వేలాడింది. ఇటు తండ్రి తన బిడ్డల్ని తనకు ఇప్పించమని కోర్టుకు ఎక్కాడు. మద్రాసు హైకోర్టు 1913లో తండ్రి వైపు తీర్పిచ్చింది. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ దాన్ని తిప్పేసి అనీబిసెంట్ పక్షాన నిలిచింది. కృష్ణ, అతని తమ్ముడు నిత్యానంద అప్పటికే ఇంగ్లండులో ఉన్నారు. అక్కడ కృష్ణ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షల్లో మళ్లీ మళ్లీ తప్పాడు. పరాయి దేశంలో ఆయనకు సొంతమనిషి తమ్ముడొక్కడే.

ఆ తమ్ముడికి క్షయ సోకింది. 1922లో అన్నదమ్ములిద్దరూ కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు చేరారు. అక్కడి పొడి గాలి నిత్యకు మేలు చేస్తుందని ఆశ. అదే కాలంలో వారి సొంత ఊరి పక్కన, ఆరోగ్యవరంలో, మిషనరీ సంఘాలు కలిసి 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి ఎందరో రోగులకు ఆసరా అయింది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, వీటన్నిటికీ మించి కాలం కావాలి. నిత్యకు ఆ కాలం ఉందని కృష్ణమూర్తి గట్టిగా నమ్మాడు. తమ్ముడి ప్రాణం రాబోయే పనికి అవసరం, కాబట్టి అదృశ్య గురువులు అతన్ని కాపాడతారని దివ్యజ్ఞాన పెద్దలు భరోసా ఇచ్చారు. ఆ భరోసాతోనే 1925లో తమ్ముణ్ణి ఓహాయ్‌లో వదిలి అడయారు ఉత్సవాలకు ఓడ ఎక్కాడు. ఓడ సూయజ్ కాలువలో ఉండగా తంతి అందింది. నవంబరు 13న నిత్య చనిపోయాడు. వయసు 27 ఏళ్లు.

ఓడలో చాలా రోజులు ఆయన కుమిలి కుమిలి ఏడ్చాడు. కొలంబో చేరేసరికి ఏడుపు ఆగింది. దానితో పాటు మరొకటి కూడా ఆగిపోయింది. మనుషులు హామీ ఇచ్చిన రేపు మీద ఆయనకున్న నమ్మకం అక్కడ విరిగింది. ఆయన తర్వాతి బోధనంతటికీ మూలం ఆ ఓడలోనే ఉందని మేము అనుకుంటాము.

1927లో అనీబిసెంట్ జగద్గురువు వచ్చేశాడని లోకానికి చాటింది. రెండేళ్లకు, 1929 ఆగస్టు 3న, హాలండులోని ఓమెన్‌లో, తన కోసం సమకూరిన వేలమంది ఎదుట, కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశాడు. సత్యానికి బాట వేసి జనాన్ని నడిపించే సంస్థ ఏదీ ఉండదని, తనకు శిష్యులు అక్కర్లేదని తేల్చిచెప్పాడు. దానంగా వచ్చిన కోటను, భూములను తిరిగి ఇచ్చేశాడు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసినవారిలో కొందరు ఏడ్చారు, కొందరు కోపించారు. ఎదురుచూడటం అలవాటైన మనిషికి ఇక ఎదురుచూడకు అని చెబితే అంత బాధ. తమ పేరు మీద బోర్డులు, బ్యానర్లు, సంస్థలు పెంచుకునే మన దైవసేవకులు (మమ్మల్ని కూడా కలుపుకొని) ఆ రోజును ఒక్కసారి తలుచుకోవాలి. దేవుని పేరుతో వచ్చినదాన్ని వదులుకోగల ధైర్యం మనలో ఎందరికుంది?

ఆ తర్వాత 57 ఏళ్లు ఆయన ఊరూరా, దేశదేశాలా తిరిగి మాట్లాడాడు. మాట్లాడిన విషయాల్లో కాలం ముఖ్యమైనది. ఆయన కాలాన్ని రెండుగా చూశాడు. ఒకటి గడియారపు కాలం. బస్సు అందుకోవాలంటే అది కావాలి, భాష నేర్చుకోవాలంటే కావాలి, విత్తనం చెట్టు కావాలంటే కావాలి. దానితో ఆయనకు పేచీ లేదు. రెండోది మనసు తయారుచేసే కాలం. నేను కోపిష్టిని, మెల్లగా శాంతపరుణ్ణి అవుతాను అంటాడు మనిషి. ఈ మెల్లగా అనే మాటే మోసం అంటాడు కృష్ణమూర్తి. శాంతం వచ్చేదాకా మధ్యలో గడిచే రోజులన్నీ కోపం విత్తనాలే చల్లుతాయి. భయాన్ని కూడా ఆయన ఇలాగే విప్పాడు. ఉన్న క్షణంలో భయం అరుదు. నిన్నటి దెబ్బను తెచ్చి రేపటి మీద పరిచి చూసుకుంటేనే భయం. కాంట్రాక్టు మళ్లీ పొడిగిస్తారో లేదో అని నిద్రపట్టక దొర్లే మన పిల్లలకు ఈ విశ్లేషణ కొత్త కాదు. రాత్రి రెండు గంటలకు పోయిన ఉద్యోగం ఏదీ లేదు, పోయేది నిద్రే.

1980లో డేవిడ్ బోమ్ అనే పేరుగాంచిన భౌతికశాస్త్రవేత్తతో కూర్చుని కాలం అంతం గురించి వరుస సంభాషణలు చేశాడు. 1985లో అవి పుస్తకంగా వచ్చాయి. శాస్త్రజ్ఞుడు ఒకవైపు, పరీక్షలు తప్పిన మదనపల్లె కుర్రాడు మరోవైపు. మనసులో రేపు ఆగిపోతే మనిషి ఏమవుతాడు అన్నదే ఇద్దరి వెతుకులాట.

మదనపల్లెకు దగ్గర్లోని రిషివ్యాలీ ఆయన ఆలోచనతో పుట్టిన బడి. అక్కడ పిల్లలు సాయంత్రం ఒకచోట కూర్చుని సూర్యుడు దిగిపోవడాన్ని మౌనంగా చూసే అలవాటు ఉంది. మార్కులు లేవు, పరీక్ష లేదు. పొద్దు గూకడాన్ని చూడటమే పని. మన సండే స్కూలు పిల్లలకు ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి సాయంత్రం ఇచ్చామా అని మేము మమ్మల్ని అడుగుకున్నాము.

ఇక మన విశ్వాసం దీనికి ఏమంటుంది? ముందుగా, ఆయన చెప్పినదానిలో సగం మన లేఖనాలకు పాతదే. రేపటిని గురించి చింతించవద్దని ప్రభువు కొండమీద బోధించాడు (మత్తయి 6). రేపు ఆ పట్టణానికి పోయి వ్యాపారం చేస్తామనేవారిని యాకోబు నిలదీశాడు (యాకోబు 4). పెద్ద కొట్లు కట్టాలని ఏళ్లకు ఏళ్లు లెక్కవేసుకున్న ధనవంతుడికి ఆ రాత్రే ఆఖరిదైంది (లూకా 12). జక్కయ్య చెట్టు దిగిన రోజునే అతని ఇంటికి రక్షణ వచ్చింది, మూడు నెలల శిక్షణ తర్వాత కాదు (లూకా 19). కాలాన్ని మనసులో వెతికినవాడు కృష్ణమూర్తి ఒక్కడే కాదు. ఆయనకు పదిహేను వందల ఏళ్ల ముందే ఆఫ్రికాలోని హిప్పో సంఘ అధ్యక్షుడు అగస్టీన్, గతం జ్ఞాపకంలోను, భవిష్యత్తు ఎదురుచూపులోను ఉంటాయని, ఆ రెండూ మనసు చాచిన చేతులేనని దేవుని ఎదుట మోకరించి రాశాడు.

అయితే ఒక దగ్గర మనం కృష్ణమూర్తితో విడిపోక తప్పదు. ఆయనకు గతం ఒక బరువు, వదిలించుకోవలసింది. మనకు గతంలో ఒక సిలువ ఉంది. ప్రభువు బల్ల దగ్గర దాన్ని జ్ఞాపకం చేసుకుని బతుకుతాము. ఆయనకు రేపు మనసు ఆడే నాటకం. మనకు రేపు చివరగా మన చేతిలోది కాదు, వాగ్దానం చేసినవాని చేతిలోది. నిత్య చనిపోయిన ఓడలో ఆయనకు విరిగింది మనుషులు ఇచ్చిన హామీ. ఆ హామీ విరగవలసిందే. కానీ విరిగిన హామీ పక్కన పునరుత్థాన నిరీక్షణ గురించి ఆయనతో మాట్లాడిన వారెవరైనా ఉండి ఉంటే అని మా కాపరి మనసు ఆశపడుతుంది.

మరో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కాలాన్ని ఇప్పుడే ముగించవచ్చన్న మనిషికి కూడా ముగియని లెక్కలు ఉండిపోయాయి. దశాబ్దాల పాటు తన వ్యవహారాలు చూసిన రాజగోపాల్‌తో ఆస్తుల విషయమై కోర్టు గొడవ నడిచి, 1974లో గాని రాజీ కుదరలేదు. ఇది నింద కాదు. మనిషికీ మనిషికీ మధ్య పడిన ముడి లోచూపు ఒక్కదానితో విడదని, దానికి క్షమాపణ కావాలని గుర్తు చేయడానికి చెబుతున్నాము. క్షమాపణకు ఇద్దరు కావాలి, ఇద్దరూ బతికి ఉండగా జరగాలి.

సెమినరీలో గ్రీకు భాషలోని రెండు మాటలు మాకు నేర్పారు. ఖ్రోనోస్ అంటే గడిచే కాలం, కైరోస్ అంటే తగిన సమయం. ఊళ్లోకి వచ్చాక మన రైతు దగ్గర అంతకంటే మంచి మాట దొరికింది, అదను. అదను తప్పిన విత్తనం మీద ఎంత వాన పడినా వృథా. కాలం పరిపూర్ణమైనప్పుడు దేవుడు తన కుమారుణ్ణి పంపాడని పౌలు రాసినప్పుడు (గలతీ 4) చెప్పింది ఆ అదను గురించే. దేవుడు గడియారానికి బయట కూర్చోలేదు. బేత్లెహేములో మన గడియల్లోకే దిగివచ్చాడు.

కాయని అంజూరపు చెట్టు ఉపమానం గుర్తుందా (లూకా 13)? యజమాని నరికేయమన్నాడు. తోటమాలి ఇంకొక ఏడాది అడిగాడు. మన చేతిలో ఉన్న ప్రతి రోజూ ఆ తోటమాలి అడిగి తెచ్చిన గడువే. మనకు కాలం అంటే దేవుని ఓర్పు. ఓర్పును వాయిదాకు వాడుకోవడమే మన పాపం. మేము ఆ తండ్రీ కొడుకుల విషయంలో చేసింది అదే.

మన పిల్లల పెళ్లి ముహూర్తాలకు చాటుగా రాహుకాలం చూసుకునే అలవాటు కొన్ని విశ్వాస గృహాల్లో ఇంకా ఉంది. చెడ్డ గడియకు అంత భయపడతాము. చేజారుతున్న మంచి గడియకు మాత్రం భయపడము.

కృష్ణమూర్తి 1986 జనవరిలో మద్రాసులో ఆఖరిసారి ప్రసంగించి, అడయారు తీరంలో ఆఖరిసారి నడిచి, ఓహాయ్‌కి వెళ్లిపోయాడు. క్లోమ క్యాన్సరుతో ఫిబ్రవరి 17న, అర్ధరాత్రి దాటిన పది నిమిషాలకు కన్నుమూశాడు. వయసు 90. అర్ధరాత్రి దాటాక పుట్టి, అర్ధరాత్రి దాటాక పోయినవాడు. ఆ గంటలో మన రాత్రి షిఫ్టు తమ్ముళ్లు మెలకువగానే ఉంటారు. ఆ గంట దేవునికీ మెలకువే.

కొన్నేళ్ల క్రితం మన పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి చదివి వెనక్కి పోతుందని, మర్నాడు వచ్చినా అదే రాత చదువుతుందని నమ్మకం. నవ్వుకున్నాము. కానీ తలుపు తడుతున్న ప్రభువుకు, పక్క వీధిలో ఉన్న అన్నకు, మాట్లాడని భార్యకు, మనం రాసి ఉంచింది కూడా అదే రాత కాదా? రాత ఎప్పటికీ మారదు, రేపు ఎప్పటికీ రాదు.

ఈ ఆదివారం సాయంత్రం మేము ఆ ఊరికి వెళ్తున్నాము. తండ్రి లేడు. తల్లి ఉంది, కొడుకు ఉన్నాడు, ఇద్దరి మధ్య చేను ఇంకా ఉంది. ఈసారి ఏ పండుగా అడ్డు చెప్పుకోము. ప్రియ చదువరీ, మీరు కూడా ఈ పేజీ మూసేలోగా ఒక పేరు తలుచుకోండి. షిఫ్టుకు ముందో, తర్వాతో, ఈ రోజే ఆ నంబరుకు ఫోన్ చేయండి. తలుపు మీది ఆ రాతను తుడిచేయడానికి ప్రభువు మనకిచ్చిన సమయం ఈ రోజే.